ఇస్లాపూర్ దిగుడు

12 జూన్ 1986, గురువారం

ఈ రోజు నా దగ్గర బండి నేర్చుకునేవాళ్లలో ఇద్దరు మానేశారు. స్టేషన్ రోడ్డులో కొత్తగా పెట్టిన డ్రైవింగ్ క్లాసుకు పోతున్నారట. అక్కడ కొత్త కారు, పదిహేను రోజుల్లో లైసెన్సు. నా దగ్గరైతే మొదటి పది రోజులు స్టీరింగ్ ముట్టనివ్వను. బానెట్ ఎత్తి ఏది ఏమిటో చెప్పించుకుంటాను. ప్లగ్గులు విప్పించి తుడిపిస్తాను. బండి ముందు బొక్కలో ఇనుప హ్యాండిల్ పెట్టి, తిప్పి ఇంజిన్ లేపే పని, హ్యాండిల్ కొట్టడం, అదీ చేయిస్తాను. పోయేముందు వాళ్లలో ఒకడు నవ్వుతూ అన్నాడు:

"మాస్టర్, ఇప్పటి బండ్లకు హ్యాండిల్ పెట్టే బొక్కనే ఉండదు. ఇగ కొట్టుడు నేర్సుకొని ఏం చేయాలె?"

పోనీ. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలినవాణ్ణి. నైజాం జమానాలో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సుల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. డీజిల్ ఆదా చేసినందుకు డిపోలో రెండుసార్లు సర్టిఫికెట్టు ఇచ్చారు. దిగుడు వస్తే ఇంజిన్ ఆపి, బండిని దాని బరువు మీదనే వదిలి, మైళ్లకు మైళ్లు తీసుకుపోయే కళ ఈ జిల్లాలో నాకు వచ్చినట్టు ఎవరికీ రాదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు. ఫ్రేము కట్టి గోడకు పెట్టిన కాగితం చెప్పే మాట.

సాయంత్రం మా వాకిట్లో ఒక తెల్ల కారు ఆగింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. దుకాణం గుమాస్తా తోలుకొచ్చాడు. దిగింది నలభై ఏళ్ల ఆడమనిషి, పాత ధాన్యం బజారు జునా మోండాలో పప్పుల వ్యాపారం చేసే నందకిషోర్ భార్య ఉమాబాయి. నందకిషోర్‌కు పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది.

"మాస్టర్, నాకు బండి నేర్పాలె" అంది కూర్చోకుండానే. "కుండల్‌వాడి, ముఖేడ్, ఇస్లాపూర్... బజారు దినం పోయి రైతులను కలవాలె. ఇన్నేండ్లు మా ఇంటాయన పోయిండు. ఇగ నేనే పోవాలె."

"మీ బావగారు అంబాదాస్ సేట్ ఉన్నరు గదా?"

"ఆయన పోతే దుకాణం ఆయనదైతది మాస్టర్."

ఇలా కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడేవాళ్లంటే నాకు ఇష్టం.

"బండి ఉంటె సరిపోదు బాయి. ముందు నా నల్ల బండి నేర్వాలె."

ఆమె మా నల్ల ల్యాండ్‌మాస్టర్ వైపు చూసింది. నా కన్నా పదిహేనేళ్లు ఎక్కువ వయసున్నట్టు కనిపిస్తుంది అది.

"ఎన్ని దినాలు?"

"హ్యాండిల్ కొట్టేదాక."

కొంగు నడుముకు బిగించి ముందుకు వచ్చింది. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలని, చుట్టి పట్టుకుంటే ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుందని చెప్పాను. పదకొండుసార్లు తిప్పింది. ఇంజిన్ అందుకోలేదు. "రేపు అస్త" అని వెళ్లిపోయింది.

16 జూన్

హ్యాండిల్ కొడితే ఇంజిన్ అందుకుంది. బొటనవేలు సరిగ్గానే పెట్టింది.

25 జూన్

ఈమెలాంటి శిష్యురాలు నాకు ఇంతవరకు దొరకలేదు. ప్లగ్గుల మీది మసి చూసి పెట్రోలు ఎక్కువ పోతోందో తక్కువ పోతోందో చెబుతోంది. రేడియేటర్ కారితే దారిలో పసుపు వేసి ఎలా గడుపుకోవాలో, పెట్రోలు ట్యాంకు చెమరిస్తే సబ్బు ఎలా రుద్దాలో నేర్పాను. "ఇది వంటింటి లెక్కనే ఉన్నది గద మాస్టర్" అని నవ్వింది.

నది ఒడ్డు మైదానంలో ఈ రోజు హ్యాండ్‌బ్రేక్ పాఠం. బండి నిలిపాక లాగేదే హ్యాండ్‌బ్రేక్ అని అందరూ అనుకుంటారు. కాలి బ్రేకు చేయిచ్చిన రోజున అదే దిక్కు. బొత్తం నొక్కిపెట్టి కొంచెం కొంచెంగా లాగాలి. ఒక్కసారే గుంజితే బండి అడ్డం తిరుగుతుంది. ఇరవైసార్లు చేయించాను, డ్రైవర్ సీట్లో పది, పక్క సీట్లో పది. పక్క సీటు ఎందుకని అడిగింది. డ్రైవర్‌కు గుండెపోటు వస్తే నీకు ఎవరు లాగుతారు అన్నాను.

స్టేషన్ రోడ్డులో ఈ పాఠం ఉందా? ఉండదు. వాళ్లు నేర్పేది తాళంచెవి తిప్పడం.

తన కారుతో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం సంగతి చెప్పింది. నందకిషోర్ రోజుకు రెండు పేజీలు చదివి అర్థం చెబుతాడట, ఈమె నోటుబుక్కులో రాసుకుంటుందట. నాకూ ఏదో చదివి వినిపించబోయింది.

"పుస్తకాలు బండి తోలవు బాయి" అన్నాను. మూసేసింది.

9 జూలై, బుధవారం

తెల్ల బండి మొదలుపెట్టాం. దాంట్లో కూర్చుంటే ఇంజిన్ నడుస్తోందో లేదో తెలియదు. క్లచ్ వెన్నలా ఉంది. బ్రేకు మీద కాలు ఆనిస్తే చాలు ఆగుతుంది. చేయి బయట పెట్టి సైగ చేయనక్కరలేదు, దీపం వెలుగుతుంది. ఇన్ని సౌకర్యాలిస్తే మనిషికి చెవులెందుకు, చేతులెందుకు?

మోటార్ స్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ ఇదే చెప్పాను. పది మంది చుట్టూ చేరారు. గొంతు దానంతటదే పెరిగింది. "ఇంకో ఇరవై ఏండ్లకు డ్రైవరు అనేటోడు ఉండడు. కూసునేటోళ్లే ఉంటరు. బండి ఆగితే తల గోక్కుంటరు, అంతే" అన్నాను. అంబాదాస్ సేట్ కూడా అక్కడే ఉన్నాడు.

"బరోబర్ చెప్పిండ్రు మాస్టర్‌సాబ్" అన్నాడు. "మా ఇంట్ల జర ఈ మాట చెప్పుండ్రి."

చాయ్ అతనే ఇప్పించాడు.

22 జూలై, మంగళవారం

ఉమాబాయికి లైసెన్సు వచ్చింది. రెండు కర్రల నడుమ నుంచి వెనక్కి తీయమంటే అద్దంలో చూడకుండా మెడ తిప్పి చూసి ఒకేసారి తీసింది. ఇన్స్పెక్టరు నన్ను చూసి, "మీ దగ్గర నేర్చుకున్నట్టు తెలుస్తూనే ఉంది" అన్నాడు మరాఠీలో. మళ్లీ అడిగి రెండోసారి చెప్పించుకున్నాను, సరిగా వినిపించలేదని.

3 ఆగస్టు

రేపు ఇస్లాపూర్. అక్కడ కందులు పండించే పాత రైతులు ఉన్నారు. దూరపు దారి మొదటిసారి కనుక నేను పక్కన ఉండాలని నందకిషోర్ కబురు పెట్టాడు. చెప్పినా చెప్పకున్నా పోయేవాణ్ణే.

4 ఆగస్టు, సోమవారం

ప్రమాదం జరిగింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. నా కుడి మోచేయి వాచింది. బ్రేకు పట్టలేదు. కొత్త బండి.

5 ఆగస్టు

నిన్న రాయలేకపోయాను.

ఇస్లాపూర్ ఇంకా కొంత దూరం ఉందనగా పెద్ద దిగుడు. వాన పడి వెలిసింది. సగం దిగాక బ్రేకు రాయిలాగా బిగుసుకుంది. నొక్కితే దిగలేదు. కింద మలుపులో చేనుకు పోయే ఆడవాళ్ల ఎడ్లబండి అడ్డంగా ఉంది. ఉమాబాయి హ్యాండ్‌బ్రేక్ లాగింది, నేను నేర్పినట్టే, కొంచెం కొంచెంగా. బండి వేగం తగ్గి, రోడ్డు పక్క మట్టిగట్టుకు గుద్దుకుని ఆగింది. ఎడ్లబండికి నాలుగు గజాల దూరం.

నేను నేర్పినట్టే. ఇది రాసి పెట్టుకోవాలి.

ఊరి జనం చేరారు. ఎవరో "బాయి తోలిందట" అన్నారు. అప్పటికి ఇద్దరం కిందికి దిగి ఉన్నాం. నాకు మోచేయి నొప్పిగా ఉంది, మాట్లాడే ఓపిక లేదు. ఆ సమయంలో స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద సంగతి కాదు. బ్రేకు పట్టలేదన్నది సంగతి.

8 ఆగస్టు

హోటల్లోకి అడుగు పెట్టగానే ముగ్గురు లేచి చోటిచ్చారు. "మాస్టర్ ముందే చెప్పిండు. కొత్త బండ్లను నమ్మొద్దని చెప్పిండా లేదా?" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కొత్తగా ఇద్దరు చేరారు, నల్ల బండి మీదే నేర్చుకుంటారట.

సాయంత్రం అంబాదాస్ సేట్ ఇంటికి వచ్చాడు. నా భార్య రత్నమ్మ మంచినీళ్లు ఇచ్చింది.

"మాస్టర్‌సాబ్, కారు తాళాలు నేను తీసుకున్న. ఆడమనిషి చేతికి బండి ఇస్తే ఇట్లనే అయితది. ఆ ఎడ్లబండ్ల ఆరుగురు ఆడోళ్లున్నరట. దేవుడు గట్టెక్కిచ్చిండు. వచ్చే హఫ్తా నుంచి కుండల్‌వాడి బజారుకు నేనే పోత. మీరు పెద్దమనుషులు, మా తమ్మునికి ఒక్క మాట చెప్పుండ్రి, ఆమెతోని కాదని."

"చూద్దాం సేట్" అన్నాను.

కాదనలేదు, ఔననలేదు. అందులో అబద్ధమేమీ లేదు.

9 ఆగస్టు

అన్నం పెడుతూ రత్నమ్మ అడిగింది, "బండి ఎవరు తోలుతున్నరప్పుడు?"

"బ్రేకు పట్టలేదని చెప్పిన గదనే."

"బ్రేకు సంగతి అడగలే నేను."

కూరలో ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

13 ఆగస్టు

తెల్ల బండి నాగేశ్వర్ షెడ్డులో ఉంది. ఒకప్పుడు వాడూ నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఔరంగాబాద్ పోయి కొత్త బండ్ల పని కూడా నేర్చుకొచ్చాడు. మోచేతికి కట్టుతోనే వెళ్లాను.

"బ్రేకుల ఏం దోషం లేదు మాస్టర్" అన్నాడు. "మస్తుగున్నయి."

"మరి రాయి లెక్క ఎట్లయింది?"

బానెట్ ఎత్తి, బ్రేకు ముందర ఉన్న గుండ్రటి నల్ల డబ్బా చూపించాడు. "ఇంజిన్ నడుస్తుంటే గాలి గుంజి ఇది మన కాలుకు బలమిస్తది. అందుకే అంత మెత్తగుంటది. ఇంజిన్ బందయితే రెండు మూడు సార్లు పట్టేంత బలమే మిగులుతది. ఆ తర్వాత అంతా మన కాలు బలమే." నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. ఇంజిన్ ఆపి నొక్కమన్నాడు.

ఒకటి మెత్తగా దిగింది. రెండోదీ దిగింది. మూడోది సగమే. నాలుగోది రాయి.

"దిగుడుల ఎవరన్న ఇంజిన్ బంద్ చేసిండ్రా మాస్టర్?"

లేదన్నాను.

వాడు నా ముఖం చూడకుండా బానెట్ మూశాడు. నా దగ్గర నేర్చుకున్నవాడు మరి. వాడికి తెలియకుండా ఉంటుందా?

15 ఆగస్టు

జెండా వందనానికి వెళ్లలేదు.

18 ఆగస్టు, సోమవారం

ఇక్కడైనా సరిగ్గా రాస్తాను. ఇది చదివేవాడు నేనొక్కణ్ణే కదా, ఎవరికి దాస్తున్నాను?

బండి నేను తోలుతున్నాను.

భోకర్ దాటి, హిమాయత్‌నగర్ దాటి, అక్కడిదాకా ఉమాబాయే తోలింది. బాగా తోలింది. దిగుడు మొదట్లో నేనే ఆపమన్నాను. "జర దిగు బాయి, నీకొకటి చూపిస్త" అని సీటు మారాను. బస్సు రోజుల్లో ఆ దిగుడు నాది. ప్రయాణికులు కూడా నిశ్శబ్దంగా వినేవాళ్లు, ఇంజిన్ ఆగిపోయి గాలి ఒక్కటే చప్పుడు చేస్తుంటే. ఆమెకు అది వినిపించాలనిపించింది. ఇంత నేర్పి ఆ ఒక్కటి నేర్పకపోతే ఎలా అనుకున్నాను.

తాళంచెవి ఒక మెట్టు వెనక్కి తిప్పాను. బండి జారింది.

"ఇంజిన్ బంద్ చేసిండ్రా మాస్టర్?" అని అడిగింది. గొంతులో భయం ఉంది.

"మాట్లాడకు. విను" అన్నాను.

"మాస్టర్, ఆ పుస్తకంల..."

"పుస్తకం పక్కన పెట్టు."

మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులోనూ పట్టింది. తర్వాత పట్టలేదు. కింద ఎడ్లబండి కనిపించాక నా రెండు కాళ్లూ దాని మీదే ఉన్నాయి. నాకు ఏ ఆలోచనా రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో రెప్పపాటు సేపు కూడా నాకు అలా కాలేదు. హ్యాండ్‌బ్రేక్ అక్కడే, నా ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది. ఆమె కుడి చెయ్యి వచ్చి పట్టుకుంది. "గట్టుకు తిప్పుండ్రి మాస్టర్!" అని అరిచింది. ఆ అరుపుకే నా చేతులు కదిలాయి.

ఎడ్లబండిలో ఆరుగురు ఉన్నారు. ఒకామె ఒడిలో చంటిబిడ్డ.

ఈ రోజు మధ్యాహ్నం జునా మోండాకు వెళ్లాను. అంబాదాస్ కుండల్‌వాడికి పోయాడు. నందకిషోర్ గద్దె మీద కూర్చుని ఎడమ చేత్తో పెసల నమూనాలు చూస్తున్నాడు. నన్ను చూసి లోపలికి పొమ్మని తల ఊపాడు. ఉమాబాయి వెనక గోదాములో సంచులు ఎంచుతోంది. నుదుటి ఎడమ పక్కన దెబ్బ ఇంకా నల్లగానే ఉంది.

"మోచెయ్యి ఎట్లున్నది మాస్టర్?"

ముందు నేను అడగవలసిన మాట అది.

"నువ్వెందుకు చెప్పలే బాయి, నేను తోలిన్నని?"

ఎంచుతున్న సంచిని పక్కకు జరిపింది.

"మీరు చెప్తరనుకున్న. మొదటి దినం అనుకున్న, రెండో దినం అనుకున్న. తర్వాత మోండాల అందరూ నన్ను చూసి నవ్వబట్టిరి. అప్పుడు చెప్తే ఎవరు నమ్ముతరు? తప్పు చేసి మాస్టర్ మీద పెడుతున్నదంటరు."

"ఆ పుస్తకంల ఆ సంగతి ఉన్నదా?"

"ఉన్నది. దిగుడుల ఇంజిన్ బంద్ చేయొద్దని రాసున్నది. ఆ దినం మైదానంల మీకు చదవబోయింది అదే పేజీ."

పక్కనున్న సంచి మూతి ముడి వేయబోయాను, మోచేయి వంగలేదు.

"మాస్టర్, నాకు కోపం అచ్చింది. చానా అచ్చింది" అంది. "కని హ్యాండ్‌బ్రేక్ పట్టుకున్నప్పుడు నాకు మీ మాటనే ఇనవడ్డది. పక్క సీట్ల కూసోబెట్టి పదిసార్లు గుంజిపిచ్చిండ్రు. ఆ స్టేషన్ రోడ్డు క్లాసుల నేర్సుకుంటె నా చెయ్యి అటు దిక్కు పోతుండెనా? ఇది కూడ నిజమే. రెండూ నిజమే, నేనేం చేయాలె?"

ఇంటికి నడిచే వచ్చాను.

21 ఆగస్టు, గురువారం

చెప్పేశాను.

హోటల్లో చెబుదామనుకున్నాను మొదట. కాని కొత్త బండ్లను తిట్టింది అక్కడైనా, తాళాలు పోయింది మోండాలో. అందుకని పొద్దున పదింటికి, దుకాణం ముందు బేరగాళ్లు ఉన్నప్పుడే వెళ్లాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. రత్నమ్మ గుండీలు పెట్టింది, నా చెయ్యి ఇంకా సరిగ్గా వంగడం లేదు. ఎక్కడికని అడగలేదు. "పోయి రా" అంది, అంతే.

అంబాదాస్ సేట్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"సేట్, ఆ దినం బండి తోలింది నేను. ఉమాబాయి కాదు. దిగుడుల ఇంజిన్ బంద్ చేసింది నేను. బ్రేకు పోయింది నా తెలివితక్కువకు. బండిని ఆపింది ఆమె."

తక్కెడ దగ్గర ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. అంబాదాస్ నవ్వాడు.

"మీది మంచి మనసు మాస్టర్‌సాబ్. శిష్యురాలిని కాపాడాల్నని మీద వేసుకుంటున్నరు. ముప్పై ఏండ్ల డ్రైవరు, సర్టిఫికెట్లున్నోడు, గట్ల చేస్తడా? ఎవరన్న నమ్ముతరా?"

నమ్మరట! జీవితమంతా నేను సంపాదించుకున్న పేరు నా నోటికే అడ్డం పడింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేయి చూపించాను.

"ఇది ఏ చెయ్యి సేట్?"

"కుడి చెయ్యి."

"కుడి తలుపుకు కొట్టుకున్నది. కుడి తలుపు పక్కన ఎవరు కూసుంటరు? ఉమాబాయి, జర ఇటు రా. ఆమె నుదురు చూడుండ్రి. ఎడమ దిక్కు. ఎడమ తలుపు అద్దం తాకింది. ఆమె బండి తోలుతుంటే ఈ దెబ్బ నాకుండాలె, ఈ మోచెయ్యి ఆమెకుండాలె."

బేరగాళ్లలో ఒక ముసలాయన తన రెండు చేతులూ స్టీరింగ్ పట్టినట్టు పెట్టి, కుడి మోచేయి చూసుకుని, ఎడమకు తల వంచి చూసుకుని, "బరోబర్ ఉన్నది" అన్నాడు.

"మరి పదిహేడు దినాలు ఎందుకు చెప్పలె?" అన్నాడు అంబాదాస్. ఈసారి నవ్వలేదు.

"సిగ్గైంది" అన్నాను.

గద్దె మీద నుంచి నందకిషోర్ ఏదో అన్నాడు. పక్షవాతం తర్వాత అతని మాట ముద్దగా వస్తుంది, అందరూ ఆగి వినాలి. ఎడమ చెయ్యి చాపి మళ్లీ అన్నాడు.

"తాళం... ఇయ్యి... అన్నా."

అంబాదాస్ అక్కడే నిలబడ్డాడు. ఇరవై మంది చూస్తున్నారు. జేబులోంచి తాళాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. నందకిషోర్ వాటిని భార్య వైపు చాపలేదు. నా వైపు చాపాడు. నేను తీసుకుని ఉమాబాయికి ఇచ్చాను. అలా ఎందుకు చేశాడో ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు ఇంకా ఏదో మిగిల్చాడు అనిపించింది.

రత్నమ్మతో జరిగింది చెప్పాను. "ఇయ్యాల నిమ్మలంగ తిను" అంది.

22 ఆగస్టు

కొత్తగా చేరిన ఇద్దరూ రాలేదు. హోటల్లో ఎవరూ లేచి చోటివ్వలేదు. నిలబడి తాగాను. చాయ్ బాగానే ఉంది.

27 ఆగస్టు

నాగేశ్వర్ షెడ్డుకు వెళ్లి, ఆ రోజు నీకు అబద్ధం చెప్పానన్నాను. "నాకు ఎరుకే మాస్టర్" అన్నాడు. స్టూలు వేసి, ఆ నల్ల డబ్బా పాతది ఒకటి విప్పి లోపల చూపించాడు. ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. ఇంత సులువైన సంగతి. ఎప్పుడూ అడగలేదు.

4 సెప్టెంబర్, పోళా పండుగ

ఎడ్లకు రంగులు వేసి తిప్పుతున్నారు. ఊరంతా గజ్జెల చప్పుడు. ఉమాబాయి నోటుబుక్కు పట్టుకుని వచ్చింది, నేనే రమ్మన్నాను. ఆమె చదువుతుంటే తెలుగులో రాసుకున్నాను. ఎనిమిది పేజీలు అయ్యాయి.

మధ్యలో అంది, "మాస్టర్, మీరు హోటల్ల చెప్పింది మాత్రం అబద్ధం కాదు. స్టేషన్ రోడ్డుల నేర్సుకున్న మా పక్కింటాయనకు బానెట్ ఎట్ల తీయాల్నో ఎరుక లేదు. మొన్న బండి ఆగితే కొత్తదే ఆగిందని ఏడ్వబట్టె. నేను పోయి చూస్తె ఒక వైరు ఊడున్నది."

"పెట్టినవా?"

"పెట్టిన."

ఎంత సంతోషమైందో రాయలేను. నేను అన్నదీ అనుకుంటున్నదీ మారలేదు. సుఖమైన బండి మనిషిని మొద్దును చేస్తుంది, చేస్తూనే ఉంది. కాని నల్ల బండి కూడా నన్ను మొద్దును చేసింది. దాని సంగతులన్నీ తెలుసు కనుక అన్ని బండ్ల సంగతులూ తెలుసనుకున్నాను. రేపటి నుంచి క్లాసులో రెండూ చెబుతాను. మొదట హ్యాండిల్, తర్వాత నల్ల డబ్బా. హ్యాండిల్ మాత్రం మానేది లేదు. బొక్క లేకపోతే లేకపోనీ, కొట్టాల్సిందే.

"ఇదంతా నేర్సుకోనీకి మీ దగ్గరికి ఎవరస్తరు మాస్టర్?" అంది.

"ఇద్దరు చాలు" అన్నాను.

15 సెప్టెంబర్

ఒక్కరు వచ్చారు. మోండా ముసలాయన కూతురట, బళ్లో టీచరు. మోచేయి చూసి "బరోబర్" అన్న ఆయనే. నాన్న పంపించాడు అంది.

24 సెప్టెంబర్, బుధవారం

ముఖేడ్ బజారుకు వెళ్లాం. ఉమాబాయి ఒంటరిగా పోగలదు, రెండుసార్లు పోయి వచ్చింది కూడా. ఈసారి పక్కన కూర్చోమని ఆమె పిలవలేదు, నేనే అడిగాను. ముఖేడ్‌లో ఒక పాత దోస్తు ఉన్నాడని చెప్పాను. ఆ దోస్తు చనిపోయి నాలుగేళ్లయింది.

ఊరు దాటేదాకా ఆమె కాళ్లనే చూశాను. క్లచ్ మీద కాలు ఊరికే ఆనించడం లేదు. లారీ ఎదురైతే ముందే తగ్గిస్తోంది. మేకలు అడ్డం వస్తే హారన్ కొట్టకుండా ఆగి, వాటిని పోనిచ్చింది. ఒక చిన్న దిగుడు వచ్చింది. గేరు తగ్గించింది, ఇంజిన్ గొంతు మారింది, బండి తనంతట తనే నెమ్మదించింది. బ్రేకు ముట్టలేదు. ఇంత చక్కగా నేను ఎప్పుడు నేర్పానా అనుకున్నాను. నేర్పాను. కొంత తనే నేర్చుకుంది.

చేలలో జొన్న నడుమెత్తు లేచింది. అద్దం సగం దించాను, గాలి చల్లగా ఉంది.

డిపోలో చేరిన నాటి నుంచి నేను మరొకరు తోలే బండిలో కునుకు తీసింది లేదు. పెళ్లికి పోయినా, ఆఖరుకు మా నాన్న పోయిన నాడు నిజామాబాద్ పోయే బస్సులో కూడా డ్రైవర్ వెనకే కూర్చుని, వాడి కాళ్లతోపాటు నా కాళ్లూ బ్రేకు నొక్కుతూనే ఉండేవి. రత్నమ్మకు తెలుసు. మా ఇంట్లో అందరూ నవ్వుకునే సంగతే ఇది.

ఈ రోజు నాకు తెలిసింది భుజం మీద చెయ్యి పడ్డాకనే.

"ముఖేడ్ అచ్చింది మాస్టర్. లేవుండ్రి."